మీకు ఎలా చదివితే నిలుస్తుంది? నేర్చుకునే తీరును కనిపెట్టి చదువులో, ఉద్యోగంలో వాడుకునే పద్ధతి

"నాకు వింటేనే ఎక్కుతుంది సార్, చదివితే ఎక్కదు" అని ఒకరంటారు. "బొమ్మ వేసి చూపిస్తే తప్ప నాకు అర్థం కాదు" అని ఇంకొకరు. "నేను చేత్తో పదిసార్లు రాస్తే గానీ గుర్తుండదు" అని మూడోవారు. ఈ మాటల్లో నిజం ఉంది. అది ఎంతవరకు నిజమో ఎవరికి వాళ్లు పరీక్షించి చూసుకోవడం మాత్రం చాలా అరుదు. ఇంటర్, ఎంట్రన్స్ పరీక్షలకు చదివే పిల్లలు, గ్రూప్స్‌కీ డీఎస్సీకీ తయారవుతున్నవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఆ పరీక్ష సొంతంగా చేసుకోవడానికి ఏం చేయాలో ఇక్కడ వరుసగా చెబుతాను. చదివి పక్కన పెట్టేస్తే లాభం లేదు. నాలుగు వారాల పాటు రోజూ కాసేపు కాగితం, పెన్ను పట్టుకోవాలి.

మొదలుపెట్టే ముందు

నేర్చుకునే తీరుల గురించి ఎక్కువగా వినిపించే పేరు వార్క్. న్యూజిలాండ్‌లో స్కూల్ ఇన్‌స్పెక్టర్‌గా ఎన్నో తరగతి గదులు చూసిన నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్‌తో కలిసి 1992లో దీన్ని వివరించారు. చూసి నేర్చుకోవడం, విని నేర్చుకోవడం, చదివి రాసి నేర్చుకోవడం, చేసి నేర్చుకోవడం అని నాలుగు ఇష్టాలు. చిన్న ప్రశ్నావళి నింపితే మీది ఏదో చెబుతుంది. మన దగ్గర కూడా కెరీర్ కౌన్సెలింగ్ పేరుతో ఇలాంటి పరీక్షలు పెట్టి, "మీ వాడు విజువల్ లెర్నర్" అని తల్లిదండ్రుల చేతిలో రిపోర్టు పెడుతున్నారు.

అయితే 2008లో హెరాల్డ్ పాష్లర్, మార్క్ మెక్‌డేనియల్, డగ్ రోరర్, రాబర్ట్ బ్యోర్క్ అనే నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ ముందేసుకుని చూశారు. ఒక్కొక్కరి ఇష్టానికి తగ్గట్టు పాఠం చెబితే వాళ్లకు ఎక్కువ వస్తుందనడానికి సరైన ఆధారం దొరకలేదని తేల్చారు. మనుషులకు ఇష్టాలు ఉన్నమాట నిజమే. ఆ ఇష్టం ప్రకారం చదివితేనే బుర్రకెక్కుతుందన్న మాటకే రుజువు లేదు.

మరి ఇష్టం తెలుసుకోవడం దండగా? దండగ కాదు. ఇష్టమైన దారిలో మొదలుపెడితే పుస్తకం ముందు కూర్చోబుద్ధి అవుతుంది, ఇంకాసేపు కూర్చుంటాం. అది చిన్న లాభమేమీ కాదు. ముద్ర వేసుకున్నప్పుడే నష్టం మొదలవుతుంది. "నేను విజువల్, నాకు థియరీ రాదు" అని పదహారేళ్ల పిల్లవాడు అనేసుకుంటే, రావాల్సిన థియరీ కూడా రాకుండా పోతుంది. అందుకే ఈ గైడ్‌లో తీరు అంటే ముద్ర అని అనుకోకండి. మీకు ఎక్కడ ఆగిపోతోంది, ఏం చేస్తే రెండు రోజుల తర్వాత కూడా గుర్తుకొస్తోంది, ఏ వేళలో బుర్ర బాగా పనిచేస్తోంది, ఈ మూడూ మీ సొంత లెక్కల్లోంచి తేలాలి.

మొదటి అడుగు: వారం రోజుల చిట్టా

నోట్‌బుక్ చివరి పేజీల్లో వారం పాటు రోజూ నాలుగు లైన్లు రాయండి. చదివిన టైం, సబ్జెక్టు, చేసిన పని, ఆగిపోయిన చోటు. మర్నాడు పుస్తకం తెరవకముందు, నిన్నటిలో గుర్తున్నదేమిటో ఒక లైను. ఇలా ఉంటుంది:

"మంగళవారం రాత్రి 8 నుంచి 9:15. ఫిజిక్స్, పని-శక్తి-సామర్థ్యం. వీడియో చూశాను, నోట్స్ చదివాను. లెక్కలు చేయలేదు. కన్జర్వేటివ్ ఫోర్స్ దగ్గర ఆగిపోయాను. బుధవారం పొద్దున గుర్తున్నవి: రెండు ఫార్ములాలు, వీడియోలో సార్ చెప్పిన బావి ఉదాహరణ."

చేసిన పని అన్నచోట "చదివాను" అని రాసి వదిలేయకండి. చదవడం అంటే ఏమిటి? కళ్లతో లైన్లు దాటించారా, పైకి చదివారా, పసుపు పెన్నుతో గీతలు పెట్టారా, మూసేసి చెప్పుకున్నారా, లెక్క చేశారా? నాలుగు రోజులకే చాలామందికి తమ గురించి ఒక సంగతి తెలిసొస్తుంది. మూడు గంటలు చదివామనుకున్నదాంట్లో సొంతంగా ఏదైనా గుర్తు తెచ్చుకున్న సమయం పావుగంట కూడా ఉండదు.

ఈ వారం ఏమీ మార్చకండి. మామూలుగా ఎలా చదువుతారో అలాగే చదవండి.

రెండో అడుగు: మీ మీద మీరే చేసుకునే పరీక్ష

మనకు బాగా వచ్చేసిందనే నమ్మకం పెద్ద మోసగత్తె. పేజీని నాలుగోసారి చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది, ఎందుకంటే జవాబు కళ్లెదురుగానే ఉంది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో కాలేజీ విద్యార్థులతో చేసిన ప్రయోగం దీన్ని చక్కగా పట్టిచ్చింది. ఒక గుంపు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకో గుంపు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలు చూడకుండా గుర్తున్నంత రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగేసరికి లెక్క తిరగబడింది. రాసి చూసుకున్నవాళ్లు దాదాపు 61 శాతం చెప్పగలిగితే, చదివి ఊరుకున్నవాళ్లు 40 శాతం దగ్గర ఆగిపోయారు.

దీన్ని మీ మీద మీరే చేసి చూడండి. గ్రూప్స్ పాలిటీ నుంచి ఉదాహరణ ఇస్తాను, మీ సబ్జెక్టుకు తగ్గట్టు మార్చుకోండి.

రెండో వారం, ప్రాథమిక హక్కుల్లోంచి పది అంశాలు తీసుకోండి (అంకెలు రాజ్యాంగంలోని అధికరణల నంబర్లు): 14 చట్టం ముందు సమానత్వం, 17 అంటరానితనం నిషేధం, 19 ఆరు స్వేచ్ఛలు, 21 జీవించే హక్కు, 21ఏ విద్యాహక్కు, 32 రాజ్యాంగ పరిహారాల హక్కు, ఇలా. వీటిని మీకు బాగా అలవాటైన పద్ధతిలో నలభై నిమిషాలు చదవండి. ఆదేశిక సూత్రాల్లోంచి ఇంకో పది: 39ఏ ఉచిత న్యాయసహాయం, 40 గ్రామ పంచాయతీలు, 44 ఉమ్మడి పౌరస్మృతి, 50 న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి వేరుచేయడం, 51 అంతర్జాతీయ శాంతి, ఇలా. వీటిని పదిహేను నిమిషాలు చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయండి. తప్పిన వాటిని ఎర్ర పెన్నుతో దిద్దుకుని మళ్లీ మూసి రాయండి. మొత్తం సమయం ఇక్కడా నలభై నిమిషాలే.

ఇక రెండు రోజులు వాటి జోలికి వెళ్లకండి. మూడో రోజు రెండింటికీ చెరో తెల్లకాగితం తీసుకుని మార్కులు వేసుకోండి. వారం చివర మరోసారి.

ఒక్కసారితో తీర్పు ఇచ్చేయొద్దు. ప్రాథమిక హక్కులు మీకు స్కూల్లోనే కొంత తెలిసి ఉండొచ్చు. అందుకే మూడో వారం కొత్త టాపిక్‌లు రెండు తీసుకుని, ఈసారి తేలికనిపించిన దానికి అలవాటైన పద్ధతి కాకుండా రెండో పద్ధతి వాడండి. రెండు వారాలూ ఒకటే ఫలితం వస్తే నమ్మొచ్చు.

నాలుగో వారం ఇంకో పరీక్ష. ఇందులోనే మీ ఇష్టం సంగతి తేలుతుంది. మూడు నదులు తీసుకోండి: గోదావరి, కృష్ణ, పెన్న. ఒక్కోదానికి పుట్టినచోటు, ఉపనదులు, ప్రాజెక్టులు కలిపి పది అంశాలు. గోదావరి గురించి మాత్రం వినండి. త్ర్యంబకేశ్వర్ దగ్గర పుట్టడం, మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి వచ్చి కలవడం, ఇదంతా ఫోన్‌లో మీ గొంతుతోనే రికార్డు చేసుకుని వినొచ్చు. కృష్ణ గురించి చదివి రాయండి: మహాబలేశ్వర్, భీమ, తుంగభద్ర, మూసీ. పెన్నకు మ్యాప్ గీయండి: నంది కొండల నుంచి బయల్దేరదీసి, చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు, కుందేరు ఎటు నుంచి వచ్చి కలుస్తాయో గీతలు పెట్టండి. మూడింటికీ చివర్లో తెల్లకాగితం పరీక్ష మాత్రం ఒకేలా ఉండాలి. రెండు రోజుల తర్వాత చూసుకోండి.

నదుల విషయంలో చాలామందికి మ్యాపే గెలుస్తుంది. వినడం ఇష్టమని చెప్పుకునేవాళ్లకు కూడా. ఎందుకో నాలుగో అడుగులో చెబుతాను.

మూడో అడుగు: ఏ రకంగా పోయిందో చూడండి

నన్నడిగితే మొత్తం పనిలో ఇదే ముఖ్యం. అందరూ మార్కులు చూసుకుని ఆగిపోతారు. పోయిన మార్కు ఎలా పోయిందో చూసేవాళ్లకే తమ తీరు తెలుస్తుంది. తెల్లకాగితం మీద తప్పిన ప్రతి అంశం పక్కనా ఒక గుర్తు పెట్టండి. పోవడంలో నాలుగు రకాలున్నాయి.

అసలు ఎక్కనేలేదు. పుస్తకం తెరిచి చూసినా కొత్తగా చదువుతున్నట్టే ఉంటుంది. దీనికి కారణం ఎక్కువసార్లు భాష. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంకి వచ్చిన పిల్లల్లో ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పేజీ చదవడానికి పక్కవాడికి ఐదు నిమిషాలు పడితే తనకి పదిహేను పడుతుంది. దాంతో "నాకు చదివితే ఎక్కదు" అని తేల్చేసుకుంటారు. వాళ్లకు లేనిది చదివే శక్తి కాదు, ఇంకా వంటబట్టని పాతిక ముప్ఫై మాటలు. ద్రవ్యవేగం, జడత్వం, త్వరణం అంటే వాళ్లకు ఎప్పుడో తెలుసు. మొమెంటం, ఇనర్షియా, యాక్సిలరేషన్ అన్నప్పుడు అవి గుర్తుకు రావట్లేదు, అంతే. చాప్టర్ మొదలుపెట్టే ముందు ఆ మాటల జంటలు ఒక పేజీలో రాసుకుని, సంగతి మొత్తం తెలుగులో తమకు తామే చెప్పుకుని, తర్వాత ఇంగ్లిష్ పుస్తకం తెరవాలి. కొన్ని చాప్టర్లు ఇలా చేస్తే వేగం దానంతట అదే పుంజుకుంటుంది. అమెరికాలో ఎంఎస్‌కి వెళ్లినవాళ్లకు మొదటి సెమిస్టర్‌లో ప్రొఫెసర్ ఉచ్చారణ అందకపోవడం కూడా ఈ రకమే.

ఎక్కింది, సమయానికి రాలేదు. జవాబు చూడగానే "అరే, ఇది నాకు తెలుసు కదా" అనిపిస్తుంది. వీళ్లకు ఇంకా చదవడం అవసరం లేదు, బయటికి తీయడం అలవాటు చేయాలి. బిట్లు, స్లిప్ టెస్టులు, పక్కవాళ్లకు చెప్పడం, పుస్తకం మూసి రాయడం. తెలివైన పిల్లలు పరీక్ష హాల్లో తెల్లమొహం వేసేది ఎక్కువగా ఈ రకం లోటు వల్లే. ఇంట్లో వాళ్లేమో టెన్షన్ పడ్డాడనుకుంటారు.

ఒకటి ఇంకొకదాంతో కలిసిపోయింది. 48ఏ పర్యావరణ పరిరక్షణ గురించి రాజ్యానికి చెప్పింది. 51ఏలో పర్యావరణాన్ని కాపాడటం పౌరుడి విధి. రెండూ 1976లో 42వ సవరణతోనే వచ్చాయి. విడివిడిగా చదివినవాళ్లు ఒకదానికి బదులు ఇంకోటి పెట్టి వస్తారు. కెమిస్ట్రీలో ఆల్డాల్, కానిజారో చర్యలూ అంతే. ఆల్ఫా హైడ్రోజన్ ఉన్న ఆల్డిహైడ్ అయితే ఆల్డాల్ వైపు, లేకపోతే కానిజారో వైపు వెళ్తుందన్న తేడా పట్టుకుంటే ఇక కలవవు. ఈ రకం ఎక్కువగా ఉన్నవాళ్లు ఒక పేజీకి మధ్యలో గీత కొట్టి, తికమక పెట్టే జంటలను పక్కపక్కన పెట్టి, తేడా ఒక్క లైనులో రాసుకోవాలి. ఇంకోసారి చదివితే పోతుందనుకుంటే పోదు. కలిసిపోయినవి ఇంకా గట్టిగా కలిసిపోతాయి.

తెలుసు, వాడటం రాలేదు. ఫార్ములాలన్నీ వచ్చు, లెక్క రాదు. ఇంటర్ సెకండియర్ సమాకలనం చూడండి. ప్రతిక్షేపణ పద్ధతి చాప్టర్ భాగంలో యాభై లెక్కలు చేస్తారు, అన్నీ వస్తాయి. విభాగ సమాకలనం భాగంలో ఇంకో యాభై, అవీ వస్తాయి. ఎంట్రన్స్ పేపర్లో ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ ఇచ్చి, వేరే చోట ఎక్స్ ఇంటూ ఈ పవర్ ఎక్స్ స్క్వేర్ ఇస్తారు. చూడటానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి. మొదటిదానికి విభాగ సమాకలనం వాడాలి. రెండోదాంట్లో ఎక్స్ స్క్వేర్‌ని టీ అనుకుంటే రెండు లైన్లలో అయిపోతుంది. ఇక్కడ తప్పేవాడికి రెండు పద్ధతులూ వచ్చు. ఏది ఎప్పుడో తేల్చుకోవడమే రాదు, ఎందుకంటే ఇంతకాలం ఆ పని చాప్టర్ హెడ్డింగే చేసిపెట్టింది. దీనికి మందు, పద్ధతులన్నీ కలగలిపి లెక్కలు చేయడం. పాత పేపర్ల నుంచి ఇరవై సమాకలనాలు తీసి, లెక్క పూర్తి చేయకుండా, ఏ పద్ధతో మాత్రమే పక్కన రాయండి. ఇరవై నిమిషాల పని. ఇలా కలిపి చేసేటప్పుడు మొదట్లో మార్కులు తగ్గుతాయి, చిరాకు వస్తుంది. భరించండి.

వారం చివర గుర్తులు లెక్కపెట్టుకోండి. ఏ రకం ఎక్కువుందో అదే మీ సమస్య. పక్కనున్న టాపర్‌ది వేరే రకం కావచ్చు. అందుకే వాళ్ల టైంటేబుల్ తెచ్చి గోడకి అంటించుకున్నా మీకు పనికిరాదు.

ఇక్కడే ఇంకో మాట. అక్షరాలు తారుమారవడం, చూసి రాసేటప్పుడు కూడా తప్పులు పోవడం, నోటితో అద్భుతంగా చెప్పే పిల్లవాడు రాతలో బాగా వెనకబడటం, ఇవి చిన్నప్పటి నుంచీ ఉంటే అది తీరు సంగతి కాకపోవచ్చు. డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన లోపం అయ్యుండొచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. బద్ధకమని కొట్టే ముందు నిపుణులకు చూపించండి. కళ్లు, చెవులు కూడా ఒకసారి పరీక్ష చేయించండి. బోర్డు కనబడక వెనక బెంచీలో పాఠం వదిలేసే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు.

నాలుగో అడుగు: విషయం అడిగిన పద్ధతి వాడండి

నదికి మ్యాప్ గెలవడానికి కారణం, నది అంటేనే ఒక దారి. ఎటు నుంచి ఎటు వెళ్తుందన్నదే అందులో అసలు సంగతి. దాన్ని మాటల్లో వినేవాళ్లు కూడా మనసులో మ్యాపే గీసుకోవాలి. అలాగే గుండెలో రక్తప్రసరణ, లెన్స్ గుండా కిరణం, ప్రక్షేపకం దారి గీసి నేర్వాల్సినవి. ఇంగ్లిష్ మాట్లాడటం నోరు తిరగాలి, వినాలి. జర్నల్ ఎంట్రీ, కోడ్, టైట్రేషన్, లెక్క చేతులతో చేస్తేనే వస్తాయి. పద్యం పాడితేనే పడుతుంది. ఈ చోట్ల మీ ఇష్టానికి రెండో స్థానం.

మరి ఇష్టానికి చోటెక్కడ? మొదలుపెట్టే చోట. వినడం ఇష్టమైతే ముందు పాఠం వినండి, తర్వాత బొమ్మ గీయండి. బొమ్మలు ఇష్టమైతే ముందు పుస్తకంలో పటం చూసి, దాన్ని మాటల్లో నాలుగు లైన్లు రాయండి. ఏ దారిలో లోపలికి వెళ్లినా చివరికి చూడకుండా చెప్పడం, రాయడం దగ్గరికే రావాలి.

వీడియో పాఠాల గురించి గట్టిగా చెప్పాలనుంది. యూట్యూబ్‌లో అద్భుతమైన తెలుగు పాఠాలున్నాయి, పల్లెటూరి పిల్లలకు అవి వరం. రెట్టింపు వేగంతో గంటన్నర చూసేసి చాప్టర్ అయిపోయిందని లెక్క వేసుకోవడమే దెబ్బ కొడుతోంది. చెప్పేవాళ్లకు బాగా వచ్చు కాబట్టి చూస్తున్నంతసేపూ మనకూ వచ్చినట్టే ఉంటుంది. పది నిమిషాలకోసారి ఆపండి. ఆపి, ఇప్పటిదాకా ఏం చెప్పారో మూడు వాక్యాలు రాయండి. లెక్క అయితే జవాబు తెర మీదికి రాకముందే ఆపి మీరు చేయండి. గంట వీడియోకి గంటన్నర పట్టినా ఫరవాలేదు.

హైలైటర్, అండర్‌లైన్ విషయం కూడా ఇంతే. జాన్ డన్‌లాస్కీ బృందం 2013లో పది చదువు పద్ధతులను బేరీజు వేసినప్పుడు గీతలు పెట్టడం, మళ్లీ మళ్లీ చదవడం తక్కువ ఉపయోగం ఉన్నవాటిలో చేరాయి. తమను తాము పరీక్షించుకోవడం, ఎడం ఇచ్చి చదవడం పైన నిలిచాయి.

ఐదో అడుగు: ఎడం, వేళ

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల జట్లను తనే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరుపు మొదటి రోజు బాగా ఎక్కువ, తర్వాత నెమ్మదిస్తుంది. కాబట్టి మొదటి రివిజన్ మర్నాడే పడాలి. ఆ తర్వాత మూడు రోజులకు, వారానికి, మూడు వారాలకు. ప్రతిసారీ ముందు తెల్లకాగితం, తర్వాతే పుస్తకం.

ఎడం ఇచ్చి గుర్తుతెచ్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. అష్టావధానంలో అవధాని ఒక పృచ్ఛకుడికి, అంటే ప్రశ్న వేసేవారికి, పద్యంలో ఒక పాదం చెప్పి పక్కవారి దగ్గరికి వెళ్తారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు అడ్డుతగులుతుంటారు, మధ్యమధ్యలో మోగే గంటలు లెక్కపెట్టాల్సి ఉంటుంది. అంతా చుట్టి మళ్లీ మొదటివారి దగ్గరికి వచ్చేసరికి, ఆగిన చోటు కాగితం లేకుండా గుర్తుతెచ్చుకుని తర్వాతి పాదం చెప్పాలి. అలా నాలుగు ఆవృత్తులు. చివర్లో ధారణ, అంటే పద్యాలన్నీ ఏకబిగిన అప్పజెప్పడం. వచ్చే ఆదివారం అవధానం ఎక్కడైనా జరుగుతుంటే పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి.

హాస్టల్లో ఉండే పిల్లలకు టైంటేబుల్ చేతుల్లో ఉండదు. అయినా ప్రతి స్టడీ అవర్‌లో మొదటి ఐదు నిమిషాలు నిన్నటి పాఠానికి, చివరి పది నిమిషాలు ఇవాళ్టి పాఠానికి తెల్లకాగితం పెట్టుకోవచ్చు. ఎవరూ కాదనరు.

వేళ విషయంలో చిట్టా చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తేనే చదువు వస్తుందని ఇళ్లలో గట్టి నమ్మకం. కొందరికి అది నిజమే. రాత్రి పన్నెండు దాకా మేల్కొన్న పిల్లవాణ్ని నాలుగింటికి లేపితే మాత్రం చదివినదాన్ని స్థిరపరిచే నిద్ర పోతుంది. మీ చిట్టాలో ఏ గంటల్లో చదివింది నిలిచిందో ఆ గంటలు కష్టమైన సబ్జెక్టుకు ఇవ్వండి. పరీక్షకు నెల ముందు నుంచి మాక్ టెస్టులు అసలు పరీక్ష వేళకే రాయండి. ఇంటర్ పరీక్ష ఉదయం 9 నుంచి 12 అయితే మీ బుర్ర ఆ మూడు గంటలకు అలవాటు పడాలి.

అమ్మానాన్నలకు ఒక పని. "చదివావా?" అని అడిగితే "ఆఁ" అనే జవాబు తప్ప ఏం రాదు. అన్నం తినేటప్పుడు "ఇవాళ చెప్పిందేంటో నాకూ చెప్పు నాన్నా, నాకు తెలీదుగా" అని అడగండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. చెప్పేటప్పుడు ఎక్కడ తడబడ్డారో పిల్లలకే తెలుస్తుంది.

ఆరో అడుగు: ఉద్యోగంలోకి తీసుకెళ్లడం

ఉద్యోగంలో సిలబస్ ఉండదు, పరీక్ష తేదీ ఉండదు. నేర్చుకోవాల్సింది మాత్రం రోజూ ఉంటుంది. డిగ్రీ దాకా ఎవరో పెట్టిన పరీక్షల మీద నడిచినవాళ్లు ఇక్కడ తడబడతారు. తమ తీరు తెలిసినవాళ్లకు మొదటి మూడు నెలల్లోనే తేడా కనబడుతుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో కేటీ సెషన్, అంటే పాతవాళ్లు కొత్తవాళ్లకు పని వివరించి అప్పజెప్పే సమావేశం అనుకోండి. సీనియర్ రెండు గంటలు స్క్రీన్ షేర్ చేసి చెబుతారు. అంతా తలూపుతారు. తర్వాత రోజు టికెట్ (చేసిపెట్టాల్సిన పని) వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. సెషన్ అయిన అరగంటలో, రికార్డింగ్ చూడకుండా, డేటా ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి వెళ్తుందో ఒక పేజీలో బాణాలతో గీయండి. ఖాళీలు తేలతాయి. ఆ పేజీ పట్టుకుని సీనియర్ దగ్గరికి వెళ్లి, "అన్నా, నాకు అర్థమైంది ఇది, ఈ రెండు చోట్ల తెలీలేదు, ఒకసారి చూస్తారా?" అని అడగండి. "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనేవాళ్లకంటే ఇలా అడిగేవాళ్లకు ఓపిగ్గా చెబుతారు. బ్యాంకు కౌంటర్లో, ఆసుపత్రి వార్డులో, సచివాలయంలో చేరినవాళ్లయితే, "మేడం, ఒకసారి మీరు చేసి చూపించండి, రెండోది నేను చేస్తాను, మీరు చూడండి" అని మొదటి రోజే అడగొచ్చు.

డేవిడ్ కోల్బ్ 1984లో వివరించిన చక్రం ఉద్యోగాలకు బాగా నప్పుతుంది: పని చేయడం, ఏం జరిగిందో వెనక్కి చూడడం, అందులోంచి ఒక సూత్రం తీయడం, దాన్ని కొత్త పనిలో ప్రయత్నించడం. మనలో ఎక్కువమంది మొదటి దాని దగ్గరే తిరుగుతాం. పని మీద పని వచ్చి పడుతుంది. శుక్రవారం సాయంత్రం పదిహేను నిమిషాలు, ఈ వారం ఇరుక్కున్న చోటు, బయటపడిన విధం, ఈసారి ముందే చూడాల్సింది అని మూడు లైన్లు రాసుకుంటే మిగతా మూడూ కదులుతాయి. ఏడాది తిరిగేసరికి అప్రైజల్‌లో ఏం రాయాలో వెతుక్కునే పని కూడా తప్పుతుంది.

తీరును బట్టి కెరీర్ ఎంచుకోమని ఎవరైనా చెబితే ఆలోచించండి. బొమ్మలు ఇష్టం కాబట్టి డిజైన్, వినడం ఇష్టం కాబట్టి కాల్ సెంటర్ అనే లెక్క తప్పు. ఆసక్తి, చేయగల పని, ఇంటి పరిస్థితి, జీతం చూసి వృత్తిని ఎంచుకోండి. ఎంచుకున్నదాన్ని త్వరగా పట్టుకోవడానికి మీ తీరు వాడుకోండి.

ఇంటర్వ్యూలో "కొత్త టెక్నాలజీ ఎలా నేర్చుకుంటారు?" అని అడిగితే "ఫాస్ట్ లెర్నర్‌ని" అనే మాట అందరూ చెప్పేదే. చిట్టా ఉన్నవాళ్లు అసలు సంగతి చెప్పగలరు: "ముందు డాక్యుమెంటేషన్‌లో మొదటి చాప్టర్ చదువుతాను, చిన్న ప్రోగ్రామ్ ఒకటి చూడకుండా రాస్తాను, ఎక్కడ ఆగిపోయానో రాసుకుని వాటినే అడుగుతాను. ఎస్‌క్యూఎల్ ఇలాగే నేర్చుకున్నాను, నాకు జాయిన్స్ దగ్గర తికమక ఉండేది, రెండేసి పక్కపక్కన పెట్టుకుని తేల్చుకున్నాను." ఇలాంటి జవాబుకు తర్వాతి ప్రశ్న మీకు తెలిసిన చోటే వస్తుంది.

కొత్త మెట్టు ఎక్కినప్పుడల్లా మూడో అడుగులోని గుర్తులు ఒక వారం మళ్లీ పెట్టి చూసుకోండి. ఇంటర్‌లో సమయానికి గుర్తురాకపోవడం సమస్యగా ఉన్నవాళ్లకు బీటెక్‌లో వాడటం రాకపోవడం సమస్య కావచ్చు. విదేశాలకు ఎంఎస్‌కి వెళ్తే వారం వారం అసైన్‌మెంట్లు, క్విజ్‌లు, ప్రజెంటేషన్లు ఉంటాయి, పరీక్ష ముందు రాత్రి చదివి గట్టెక్కే అలవాటు అక్కడ సాగదు. విమానం ఎక్కేలోపు, తెలిసిన ఏదో ఒక టాపిక్ తీసుకుని పది నిమిషాలు ఇంగ్లిష్‌లో నిలబడి చెప్పడం వారానికి రెండుసార్లయినా చేయండి, వినడానికి ఇంట్లో వాళ్లు ఒక్కరున్నా చాలు.